ఆరవ వ్రేలి అధికారము

మంత్రివర్గము కొలువుదీరు ప్రతి పర్యాయమును, నాంపల్లి గాంధీభవనము మెట్లపైనను, పబ్లిక్ గార్డెన్సులోని శాసనసభా ప్రాంగణమునను, ఆబిడ్సు చౌరస్తాలో నెహ్రూ విగ్రహమునకు ఎదురుగా టీ త్రాగుచు నిలిచిన ఉద్యోగుల గుంపులోను, ముఖ్యమంత్రి ఎవరన్న సందేహము తీరిన మరుక్షణమే పుట్టు ప్రశ్న యొకటి కలదు. ఉపముఖ్యమంత్రి పదవి ఎవరికి, ఎందరికి? ఈ ప్రశ్నకు పత్రికలు పతాక శీర్షికల నిచ్చును; అనుచరులు బాణసంచా కాల్తురు; కులసంఘములు సన్మానసభలు జరుపును. కాని ఆ పదవిని స్వీకరించిన వ్యక్తి మరునాడు కార్యాలయమునకు పోయి కూర్చుండినపుడు, నిన్నటివరకు మంత్రికి లేని ఏ అధికారము నేడు తనకు సంక్రమించినదని అడిగిన యెడల, సమాధానము చెప్పగల చట్టము గాని, నియమావళి గాని, జీవో గాని సాధారణముగా దొరకదు.

ఆబిడ్సు సందులలో ఇత్తడి నామఫలకములు, రబ్బరు ముద్రలు చేయు దుకాణములు ఇప్పటికిని కొన్ని మిగిలియున్నవి. అట్టి యొక దుకాణములో మా వీధి సంఘమునకు ముద్ర చేయించుటకు కూర్చుండినపుడు, బల్లపై ఒకనాటి అమాత్యుని పేరుతో చెక్కిన ఫలకము కనబడగా, దాని పొడవును గూర్చి ప్రస్తావించితిని. యజమాని నవ్వి, "ఉత్త మంత్రి అంటే చిన్న ప్లేటు సరిపోతది సార్. ఉప ముఖ్యమంత్రి అంటే అక్షరాలు ఎక్కువైతయ్, ప్లేటు పెద్దగైతది, బిల్లు గూడ పెద్దగైతది" అని తన లెక్క చెప్పెను. ఆ పదవివలన నిశ్చయముగా పెరుగునది ఏది యని రాజనీతిశాస్త్రజ్ఞుల నడిగినను ఇంతకంటె స్పష్టమైన ఉత్తరము వచ్చునని నేననుకొనను.

రాజ్యాంగము ఈ విషయమున మౌనము వహించినది. 163వ అధికరణము గవర్నరునకు సలహా నిచ్చుటకు ముఖ్యమంత్రి అధ్యక్షుడుగా మంత్రిమండలి యుండవలెననును. 164వ అధికరణము ముఖ్యమంత్రిని గవర్నరు నియమించుననియు, తక్కిన మంత్రులను ముఖ్యమంత్రి సలహాపై నియమించుననియు చెప్పును. ఈ రెంటి నడుమ ఉపముఖ్యమంత్రి యను మాటకు చోటు లేదు. అట్లని రాజ్యాంగ నిర్మాతలకు 'ఉప' శబ్దమన్న అనాదరము లేదు. 178వ అధికరణము శాసనసభకు స్పీకరుతోపాటు ఉపసభాపతి యుండవలెనని విధించి, 180వ అధికరణము స్పీకరు స్థానము ఖాళీయైనను, స్పీకరు సభకు రాకపోయినను అతడు చేయవలసిన దేమో విప్పి చెప్పినది. 65వ అధికరణము రాష్ట్రపతి మరణించినను, రాజీనామా చేసినను, ఉపరాష్ట్రపతి ఏమి కావలెనో శంకకు తావులేకుండ నిర్ణయించినది. 1969 మే నెలలో జాకిర్ హుస్సేను ఆకస్మికముగా దివంగతులైనపుడు మన వి.వి.గిరిగారు ఆ పీఠమును తాత్కాలికముగా అధిష్ఠించుటకు ఎవరి అనుగ్రహమునకును ఎదురుచూడవలసిన పని లేకపోయెను. రాజ్యాంగము ఎక్కడ ఉపపదవిని కోరెనో అక్కడ దానికి కర్తవ్యమును కూడ నిర్ణయించెను. కోరని చోట ఆ పదమే లేదు.

న్యాయస్థానములు సైతము ఇదే మాటను వేరు వేరు సందర్భములలో చెప్పినవి. 1989 డిసెంబరులో విశ్వనాథ ప్రతాపసింగు మంత్రివర్గము ప్రమాణస్వీకారము చేయునపుడు రాష్ట్రపతి వెంకట్రామన్ 'మంత్రి'గా అని చదివించుచుండగా దేవీలాలు 'ఉపప్రధానమంత్రి'గా అని పలికిన వైనము దేశమంతయు దూరదర్శనమున చూచినదే. ఆ ప్రమాణము చెల్లదని వేసిన వ్యాజ్యమును 1990 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టివేయుచు, ఆ పదము వర్ణనాత్మకమే గాని దానివలన ప్రధానమంత్రి అధికారములేవియు ఆయనకు రావనియు, తక్కిన మంత్రుల వలెనే ఆయనయు నొక మంత్రి యనియు తేల్చినది. ఆ మంత్రిత్వమైనను ఎనిమిది మాసములకే పోయినది. 1990 ఆగస్టులో ప్రధానమంత్రి ఆయనను పదవినుండి తొలగించినపుడు 'ఉపప్రధాని' యను బిరుదు ఆయనకు ఆవగింజంత రక్షణ నీయలేదు. మొన్న 2024 ఫిబ్రవరిలో, రాష్ట్రములలో ఉపముఖ్యమంత్రుల నియామకమే రాజ్యాంగ విరుద్ధమన్న వ్యాజ్యమును ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వము వహించిన ధర్మాసనము తిరస్కరించినది. ఉపముఖ్యమంత్రి ప్రప్రథమముగా రాష్ట్ర ప్రభుత్వమున ఒక మంత్రి. పిలుపు ఎట్లున్నను ఉల్లంఘన మేమియు లేదని దాని సారాంశము. ఈ తీర్పును ఉపముఖ్యమంత్రులు విజయముగా భావింపవచ్చును గాని, నిదానించి చదివిన వారికి అందులోని చురుకు తెలియకపోదు. పదవి నిరపాయకరమైనదని న్యాయస్థానము చెప్పుటకు కారణము, అందు అపాయము చేయదగిన అధికార మేదియు లేకపోవుటయే.

చట్టములో లేని పదమునకు విలువ యుండదని వాదించుట మాత్రము నా ఉద్దేశము కాదు. ఇంగ్లండు ప్రధానమంత్రి పదవి వాల్పోలు కాలమునుండి, అనగా 1721 నుండి, నడచుచున్నదని చరిత్రకారు లందురు. ఐనను 1905 వరకు రాజసభా మర్యాదల పట్టికలోనే ఆ పదవికి స్థానము లేదు. 1917 వరకు ఏ శాసనములోను ఆ పేరు కనబడదు. దానికని జీతమును శాసనము నిర్ణయించినది 1937లో. రెండు శతాబ్దములపాటు చట్టమునకు కంటికి కనబడని ఆ మనుష్యుడే సామ్రాజ్యమును నడపెను. కావున పదవికి ప్రాణమిచ్చునది చట్టమొకటే కాదు, ఆచారమును ఈయగలదు. ఆచారమునకు మాత్రము ఏదో యొక పని ఆధారముగా నుండవలెను. వాల్పోలు చేతిలో ఖజానా యుండెను; పార్లమెంటులో సంఖ్యాబల ముండెను. మన ఉపముఖ్యమంత్రుల చేతిలో ఏమున్నదన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న హైదరాబాదు నగరమునకు క్రొత్తది కాదు. బిరుదు ఒకచోటను, అధికారము వేరొకచోటను కాపురముండుట ఈ నగరము చూచినంతగా దేశములో మరియే నగరమైనను చూచెనో లేదో నాకు సందేహమే. 1809లో మీరాలము మరణానంతరము ఆయన అల్లుడు మునీరుల్ముల్కు నిజాము దివానుగా నియుక్తుడయ్యెను. ఈయన తరువాతి కాలమున ప్రసిద్ధికెక్కిన మొదటి సాలార్జంగునకు పితామహుడు. దివాను పదవి యనగా ముఖ్యమంత్రిత్వమే. కాని రాజ్యవ్యవహారములలో తాను తలదూర్చనని ముందుగనే ఒప్పుకొనిన మీదటనే ఆయనకు ఆ పదవి దక్కెను. వ్యవహారమంతయు దివానునకు సహాయకుడుగా నుండవలసిన పేష్కారు చందూలాలు చేతిలో నుండెను. ఆయన వెనుక బ్రిటిషు రెసిడెంటు బలముండెను. ఇరువదియేండ్లకు పైగా దివాను గారు జాగీరుల ఆదాయమును, మర్యాదలను అనుభవించుచు కూర్చుండగా, పేష్కారు గారు శిస్తులు వసూలు చేయించిరి, సైన్యమునకు జీతము లిచ్చిరి, పామర్ కంపెనీ వద్ద రాజ్యమును అప్పులలో ముంచిరి. మంచియైనను చెడ్డయైనను చేసినవాడు ఉపాధికారియే. 1832లో మునీరుల్ముల్కు గతించిన తరువాత చందూలాలునకు అసలు పదవియు వచ్చినది. 1843 వరకు దానిని నిర్వహించి దిగిపోయెను. పాతబస్తీలో చందూలాల్ బారాదరి యను పేట పేరు నేటికిని నిలిచియున్నది. మునీరుల్ముల్కు పేరు నడిగిన యెడల చరిత్ర విద్యార్థులు సైతము క్షణము తడుముకొందురు.

నేటి స్థితి దీనికి సరిగా విపర్యస్తము. అధికారమున్నను పేరు లేని ఉపాధికారి ఆనాటివాడు. పేరున్నను అధికారము లేనివాడు ఈనాటివాడు. రెండింటిలో ఏది మేలని నన్నడిగినచో, ప్రజాస్వామ్యవాదిగా రెండును కీడే యందును. మొదటిదానిలో బాధ్యత ఎవరిదో ప్రజలకు తెలియదు; రెండవదానిలో బాధ్యత తెలిసినను నిర్వహించు సాధనము లేదు.

పిమ్మట ఈ నగరమున పదవుల పేర్లు మారిన వేగము మరియొక విచిత్రము. ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటలపై పరచు పాతపుస్తకముల గుట్టలలో చేతికి దొరకు నిజాం కాలపు పుస్తకములను తిరుగవేసిన వారికి ఈ మార్పులు కన్నులకు కట్టును. దివాను, మదారుల్ మహాం అను పేర్లతో నడచిన ప్రధానామాత్య పదవిని, ఏడవ నిజాము ఉస్మానలీఖాను మూడవ సాలార్జంగు తొలగిపోయిన పిదప 1914 నుండి ఖాళీగానే యుంచి, అయిదు సంవత్సరములు తానే దివాను పని చూచుకొనెను. 1919లో బాబె హుకూమత్ అను కార్యనిర్వాహక సభను స్థాపించి, దాని అధ్యక్షునకు సదరె ఆజం అను నామము నిచ్చెను. ఆ స్థానమున మొదట సర్ అలీ ఇమాము, తరువాతి కాలమున చందూలాలు వంశీయుడైన మహారాజా కిషన్ ప్రసాదు, సర్ అక్బర్ హైదరీ, ఛత్తారీ నవాబు, మీర్జా ఇస్మాయిలు మొదలగువారు కూర్చుండిరి. 1948 సెప్టెంబరు 17న చివరి సదరె ఆజం మీర్ లాయక్ అలీ రాజీనామా చేసిన మరునాడే మేజర్ జనరల్ చౌధురి మిలిటరీ గవర్నరుగా వచ్చిరి. 1950 జనవరిలో ఐ.సి.ఎస్. ఉద్యోగి వెల్లోడి 'ముఖ్యమంత్రి' యయ్యెను. ఒక్క ఓటరు వ్రేలిపైనను సిరాచుక్క పడకమునుపే హైదరాబాదునకు ముఖ్యమంత్రి వచ్చెనన్నమాట! అదే మాసమున నిజాము రాజప్రముఖు డయ్యెను. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావుగారు ఎన్నికైన ముఖ్యమంత్రిగా వచ్చి, 1905లో పునాదిపడి 1913లో పూర్తియైన నాంపల్లి పురమందిరమున సమావేశమైన శాసనసభకు నాయకత్వము వహించిరి. నాలుగేండ్ల వ్యవధిలో సదరె ఆజం, మిలిటరీ గవర్నరు, నియమితుడైన ముఖ్యమంత్రి, ఎన్నికైన ముఖ్యమంత్రి: ఇన్ని పేర్లను ఒకే జనపదము భరించినది. వెల్లోడికిని బూర్గులవారికిని పదవి పేరు ఒక్కటే. ఆ పదవికి ఆధారము మాత్రము ఒకరికి ఢిల్లీ ఉత్తరువు, మరియొకరికి ప్రజల ఓటు.

కృష్ణకు ఆవలి ఆంధ్రులకు ఈ అనుభవము వేరొక రీతిగా కలిగెను. 1935 చట్టము క్రింద చెన్నరాజధానిలో మంత్రివర్గములు ఏర్పడినపుడు రాజాజీని, పిదప 1946లో ప్రకాశంపంతులుగారిని 'ప్రధానమంత్రి' యనియే పత్రికలు వ్యవహరించెను. ఢిల్లీలో నెహ్రూ ప్రధానమంత్రి యైన తరువాత ఒక దేశమున ఇందరు ప్రధానులు ఇమడరు గనుక, రాజ్యాంగము రాష్ట్ర నాయకులకు ముఖ్యమంత్రి యను పేరు నిశ్చయించినది. అందువలన 1946లో ప్రధానియైన ప్రకాశంపంతులుగారు 1953 అక్టోబరు 1న కర్నూలులో ముఖ్యమంత్రి యైరి. ఒక్క జమ్మూకాశ్మీరము మాత్రము సదరె రియాసతును, ప్రధానమంత్రిని 1965 వరకు నిలుపుకొన్నది.

ఆ కర్నూలు మంత్రివర్గముననే మన కథానాయకుని ప్రవేశము. ప్రకాశంగారి క్రింద నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. 1955లో బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి కాగా ఆయన క్రిందను సంజీవరెడ్డిగారే ఉపముఖ్యమంత్రి. ఇది పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలసిన సంగతి.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందముపై సంతకములు చేసిరి. అటునుండి గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఇటునుండి బూర్గుల, కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నర్సింగరావు. మంత్రివర్గమున ఆంధ్రకు అరువది, తెలంగాణకు నలువది పాళ్లు ఉండవలెననియు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెననియు, హోము, ఆర్థికము, రెవెన్యూ, ప్రణాళికాభివృద్ధి, వాణిజ్య పరిశ్రమలలో ఏవేని రెండు శాఖలు తెలంగాణ మంత్రులకు ఈయవలెననియు అందు వ్రాసికొనిరి. ఈ ఒప్పందమును చేసినవారికి పదము యొక్క బలహీనత తెలియదనుకొనరాదు. ఉత్త పేరును నమ్మక, శాఖల పేర్లను కూడ ప్రక్కనే వ్రాయించిన వారి జాగ్రత్త మెచ్చదగినది. కాని నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించి సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి కాగానే ఉపముఖ్యమంత్రి పదవి మాయమైపోయెను. ఎందుకు లేదని యడిగిన వారికి, అయిదు వ్రేళ్లున్న చేతికి ఆరవ వ్రేలు వంటిదా పదవి, అది యనవసరమని ఆయన సెలవిచ్చినట్లు తెలంగాణమున పెద్దలు నేటికిని చెప్పుకొందురు. రెండేండ్లకు పైగా, ఇద్దరు ముఖ్యమంత్రుల క్రింద, తాము ఆరవ వ్రేలుగానే యుండిన మహానుభావుడు ఆ మాట యనుటలో స్వానుభవము ఎంత, రాజకీయము ఎంత యన్నది పాఠకులే తూచుకొనవచ్చును.

నాకు మాత్రము ఆ మాటలో సత్యమును అసత్యమును కలిసియున్నట్లు తోచును. ఉపముఖ్యమంత్రికి పని లేదన్నది సత్యము. లేనందున ఆ పదవి అనవసరమన్నది అసత్యము. ఎందుకనగా 1956లో తెలంగాణమువారు కోరినది పాలనా సౌకర్యము కాదు, హామీ. ఎనిమిది నెలల క్రితము సంతకము చేసిన కాగితమునకు గౌరవమున్నదో లేదో చూపుటకు ఆ పదవియొక గుర్తు. గుర్తునకు ఉపయోగ మేమని అడుగుట, సంతకమునకు ఉపయోగ మేమని అడుగుటవంటిది. ఆ ఒక్క పదవి దక్కనందువలన తెలంగాణమునకు జరిగిన పాలనాపరమైన నష్టము స్వల్పమే కావచ్చును. విశ్వాసమునకు జరిగిన నష్టము 1969 తెలంగాణ ఉద్యమమున తేలినది. శాసనసభకు ఎదురుగా గన్ పార్కులో నిలిచిన అమరవీరుల స్తూపమునకు కారణములు వెదకువారు ముల్కీ నియమములను, మిగులు నిధులను, ఉద్యోగములను లెక్కింతురు. ఆ జాబితాలో మొదటి మాటతప్పుగా ఈ ఆరవ వ్రేలు చేరక తప్పదు.

పదవి పోయినది పోయినట్లుగా కూడ నిలువలేదు. 1960లో దామోదరం సంజీవయ్యగారు ముఖ్యమంత్రిగా నుండగా కొండా వెంకటరంగారెడ్డిగారు ఉపముఖ్యమంత్రిగా నుండిరి. 1962లో సంజీవరెడ్డిగారు తిరిగి రాగా మరల లేదు. కాసు బ్రహ్మానందరెడ్డిగారి కాలమున జె.వి.నర్సింగరావుగారికి లభించినది. ఒప్పందముపై సంతకము చేసిన నలుగురు తెలంగాణ నాయకులలో ఇద్దరు ఈ విధముగా తమ కలముతో వ్రాసిన పదవిని తామే అనుభవించిరి. 1971లో పి.వి.నరసింహారావుగారు ముఖ్యమంత్రి కాగా తక్కెడ తిరుగబడి, ఉపముఖ్యమంత్రిత్వము ఆవలి ప్రాంతమునకు, బి.వి.సుబ్బారెడ్డిగారికి వెళ్లినది. ఆ మరుసటి సంవత్సరము జై ఆంధ్ర ఉద్యమము చెలరేగినపుడు సుబ్బారెడ్డిగారు ముఖ్యమంత్రికి అండగా నిలువక ఉద్యమమునకే అగ్రభాగమున నిలిచిరి. ప్రాంతముల సమతౌల్యమునకై పుట్టిన పదవి, ప్రాంతములు విడిపోదమన్న గడియలో వంతెన కాలేకపోయెను. ఆ తరువాత 1982లో జగన్నాథరావుగారు కొంతకాలము. పిదప 1992లో కోట్ల విజయభాస్కరరెడ్డిగారి మంత్రివర్గమున కోనేరు రంగారావుగారు. ఇక్కడ ఒక మలుపు కలదు. కోట్లవారిది కర్నూలు, కోనేరువారిది కృష్ణాజిల్లా. ఇరువురును ఆవలి ప్రాంతమువారే. అనగా అప్పటికి పదవి ప్రాంతమును విడిచి సామాజిక ప్రాతినిధ్యమునకు గుర్తుగా మారినది, రంగారావుగారు దళితులు. 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డిగారు దామోదర రాజనరసింహగారి నెన్నుకొన్నపుడు ఆ రెండు లెక్కలును ఒకే మనిషితో సరిపోయినవి.

రాష్ట్రము రెండైన పిదప ఈ పదవికి పట్టిన యోగము వేరు. 2014లో తెలంగాణమున మహమూద్ అలీ, రాజయ్యగార్లు ఇరువురు; ఆంధ్రప్రదేశమున చినరాజప్ప, కె.ఇ.కృష్ణమూర్తిగార్లు ఇరువురు. ఎనిమిది నెలలు తిరుగకుండ రాజయ్యగారు పదవి కోల్పోగా కడియం శ్రీహరిగారు ఆ స్థానమునకు వచ్చిరి. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశమున ఏకముగా అయిదుగురు. గిరిజనులు, దళితులు, వెనుకబడిన తరగతులు, కాపులు, ముస్లిములు, ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్కరు. ఆరవ వ్రేలని వెక్కిరించిన రాజ్యమున చేతికి చేయి ప్రత్యేకముగా మొలచినది! తెలంగాణమున 2018 నుండి 2023 వరకు ఒక్కరును లేరు. 2023 డిసెంబరునుండి మల్లు భట్టి విక్రమార్కగారు ఒక్కరే. 2024 నుండి ఆంధ్రప్రదేశమున పవన్ కల్యాణ్‌గారు ఒక్కరే. ఒకప్పటి ఉపముఖ్యమంత్రి దామోదర రాజనరసింహగారు భట్టిగారి సరసన అదే మంత్రివర్గమున ఆరోగ్యశాఖ చూచుచున్నారు. బిరుదు పోయినందువలన ఆయన సంతకము యొక్క బలము తగ్గినట్లు ఆసుపత్రులకు తెలియదు.

సంఖ్య ఇట్లు పెరుగుట తరుగుటలకు కారణము వెదకినచో, 2003లో వచ్చిన తొంబదియొకటవ రాజ్యాంగ సవరణ కంటబడును. మంత్రిమండలి శాసనసభ సంఖ్యలో నూటికి పదునైదు మించరాదని అది కళ్లెము వేసినది. నూటపందొమ్మిది స్థానములున్న తెలంగాణమున ముఖ్యమంత్రితో కలిపి పదునెనిమిదిమందికే అవకాశము. నూటడెబ్బదియైదు స్థానముల ఆంధ్రప్రదేశమున ఇరువదియారుగురికి. కుర్చీల సంఖ్యకు హద్దు పడినది గాని బిరుదుల సంఖ్యకు పడలేదు. పంచుటకు అధికారము చాలని నాయకుడు పేరును పంచును. దానికి ఖర్చు లేదు, సవరణ అడ్డు రాదు, న్యాయస్థానమును కాదనదు.

ఇక్కడ ప్రతివాదిని నేను తేలికగా త్రోసిపుచ్చజాలను. ముఖ్యమంత్రిత్వము ఏనాడును దక్కని సమాజములకు, తమలో ఒకరి పేరునకు ఆ మాట చేరుట చిన్న సంగతి కాదు. గిరిజన యువతి పుష్పశ్రీవాణిగారు ఉపముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినపుడు మన్యపు తండ్రులు తమ కూతుండ్ర చదువును గూర్చి ఒక్క క్షణమైనను వేరుగా ఆలోచించియుందురు. అది వట్టి బిరుదని నగరవాసి పెదవి విరుచుట సులభము. కాని ఆ గౌరవమును నిజముగా కోరినవారే ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇది: అయిదుగురికి ఒకేసారి ఇచ్చిన రెండవ స్థానములో రెండవవారు ఎవరు? ముఖ్యమంత్రి విదేశములకు పోయిన దినమున అయిదుగురిలో ఎవరు మంత్రివర్గమునకు అధ్యక్షత వహింతురు? పేరు గొప్ప ఊరు దిబ్బ యను సామెత ప్రతిపక్షము నోట వినుటకంటె, ఆ వర్గముల పెద్దల నోట వినవలసివచ్చుట విచారకరము.

నిజమునకు రెండవ స్థానమను పేరే లేని కాలములో రెండవ స్థానము ప్రాధాన్యము వహించిన ఘట్టములను ఈ నగరము చూచినది. 1984 ఆగస్టులో నందమూరి తారక రామారావుగారు అమెరికాలో గుండె చికిత్స పొంది వచ్చిన దినములలో, గవర్నరు రామ్‌లాలు ఆయనను తొలగించి ముఖ్యమంత్రి పీఠమెక్కించినది ఆర్థికమంత్రి నాదెండ్ల భాస్కరరావుగారిని. ఆయనకు ఉపముఖ్యమంత్రి బిరుదు లేదు. నెల దినములలో రామారావుగారు తిరిగి పీఠము నధిష్ఠించిరి. 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డిగారు హెలికాప్టరు ప్రమాదమున దుర్మరణము చెందగా, మరునాడు బాధ్యతలు స్వీకరించినది ఆర్థికమంత్రి రోశయ్యగారు. ఆయనకును ఆ బిరుదు లేదు. రెండు సందర్భములలోను నాయకత్వము ఖజానా తాళముచెవులు పట్టిన చేతికే పోయినది. వాల్పోలునుండి రోశయ్యవరకు ఈ యొక్క విషయమున లోకరీతి మారలేదు. ఆ దృష్టితో చూచినచో, భట్టి విక్రమార్కగారి వద్దనున్న ఆర్థికశాఖయే ఆయన పదవికి అసలు అర్థము. ముందున్న 'ఉప' శబ్దము అలంకారము.

ఇక నా అభిప్రాయము. ఈ పదవిని రాజ్యాంగములోనికి ఎక్కింపవలెనని నేను కోరను. సంకీర్ణముల సర్దుబాటునకై పుట్టిన దానిని శాశ్వతము చేయుట అవివేకము. రద్దు చేయవలెననియు కోరను. 166వ అధికరణము మూడవ ఖండము క్రింద గవర్నరు చేయు కార్యనిర్వహణ నియమావళి యొకటి ప్రతి రాష్ట్రమునకును కలదు. ఏ ఫైలు ఎవరి బల్లపైకి పోవలెను, ఏది ముఖ్యమంత్రి చూడక కదలరాదు, ఏది మంత్రివర్గము ముందుంచవలెను అన్నది అందు నిర్ణయమగును. సచివాలయమున దానికున్న విలువ రాజ్యాంగమునకు కూడ లేదని అనుభవజ్ఞు లందురు. ఉపముఖ్యమంత్రిని నియమించు దినముననే ఆ నియమావళిలో ఒక్క పేరా చేర్చవలెను. ముఖ్యమంత్రి లేనపుడు అధ్యక్షత ఎవరిదో, ఇతర శాఖల ముఖ్యమైన ఫైళ్లు ఆయన కంటబడి పోవలెనో అక్కరలేదో, తన శాఖల కార్యదర్శుల బదిలీలో ఆయన మాట చెల్లునో చెల్లదో అందు వ్రాయవలెను. ఈ చివరిదే మర్మము. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్నట్లు, శాఖ తనదైనను కార్యదర్శి బదిలీ సాధారణ పరిపాలన శాఖ చేతిలో నున్నంతకాలము మంత్రి ఉత్తరువు మెట్లు దిగుటకే వారములు పట్టును. వ్రాయుటకు ఇష్టము లేకున్న, బిరుదు నీయకుండుటయే మర్యాద. ఇద్దరికి గాని అయిదుగురికి గాని ఈయదలచినపుడు ఈ పేరా వ్రాయుట అసాధ్యమగును; ఆ అసాధ్యతయే సంఖ్యకు సహజమైన హద్దు.

ఈ సవరణకై శాసనము అక్కరలేదు, ఢిల్లీ అనుమతి యక్కరలేదు. పబ్లిక్ గార్డెన్సులోని సభలో ఏ సభ్యుడైనను, అధికారపక్షమువాడే యైనను, ప్రశ్నోత్తరముల సమయమున ఒక్క ప్రశ్న వేసినచో చాలును: ఉపముఖ్యమంత్రికి ఏ ఉత్తరువు ద్వారా, ఏ తేదీన, ఏ అధికారములు ఈయబడినవి? చిక్కేమనగా, ఈ ప్రశ్న సాధారణ పరిపాలన శాఖకు చెందును. ఆ శాఖ ఆనవాయితీగా ముఖ్యమంత్రిదే గనుక లేచి సమాధానము చెప్పవలసినది ముఖ్యమంత్రియే. ప్రక్కసీటులో కూర్చున్న ఉపముఖ్యమంత్రి మనతోపాటు వినవలసినవాడు.